నీళ్లు కలిసిన అంకె

రక్తం ట్యూబుల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ పూర్తిగా ఆగేదాకా ల్యాబక్క దాని మూత మీద చెయ్యి వెయ్యదు. ఆగినట్టే కనిపిస్తుంది గాని లోపల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. తొందరపడి తెరిస్తే అడుగుకు దిగిన రక్తం మళ్లీ పైకి లేస్తుంది. చప్పుడు సన్నబడి, ఇంకా సన్నబడి, టక్కుమని తాళం ఊడాక ట్యూబులు ఒక్కొక్కటే బయటికి తీసి, గోడకు అంటించుకున్న తెల్లకాగితం ముందు పట్టుకుని చూస్తుంది. అడుగున ఎర్రగా పేరుకున్న రక్తం, పైన ఎండుగడ్డి రంగు నీరు. యంత్రం చెప్పేదాంట్లో సగం ఆ రంగే ముందుగా చెప్పేస్తుంది.

ఆ సోమవారం వచ్చిన ట్యూబుల్లో ఆరో బెడ్‌ది ఒకటి. డిపోలో వెనక్కి వస్తున్న బస్సుకీ గోడకీ మధ్య నలిగిపోయిన కండక్టరమ్మది. కుడిచెయ్యి రెండుచోట్ల విరిగిందనీ, కడుపు మీద జానెడు వెడల్పున నల్లగా కమిలిపోయిందనీ ట్యూబు తెచ్చిన ఆయా చెప్పింది.

ల్యాబక్క పైనీటిని పిప్పెట్‌తో పీల్చి ప్లేటు గుంటల్లో వదిలింది. తొంభై ఆరు గుంటలు, ఒక్కొక్కటి చిటికెనవేలి గోరంత. పొయ్యడం, ఆగడం, కడగడం, మళ్లీ పొయ్యడం. మొత్తం మూడున్నర గంటల పని. చివర్లో గుంటలు నీలం తిరుగుతాయి, ఆమ్లం చుక్క పడగానే పచ్చబడతాయి. పసుపు ఎంత ముదిరితే లోపల అంత చేటు జరిగినట్టు. ఆరో బెడ్ గుంట ఆ ప్లేటు మొత్తంలో ముదురు. యంత్రం నలభై చూపించింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకటో రెండో ఉంటుంది.

కాగితం పట్టుకుని ఐ.సి.యు. వైపు వెళుతుంటే వరండా బెంచీ మీంచి ఒక ముసలామె లేచి అడ్డం నిలబడింది. ఒళ్లో ఉన్న తోలు టిక్కెట్ల సంచీని జారిపోకుండా చంకలో ఇరికించుకుంది.

"అమ్మాయ్, అది మా కోడలి కాగితమేనా?"

"ఆరో బెడ్ వాళ్లా మీరు?"

"ఆరో ఏడో నాకేం తెలుసు, లోపలికి రానిస్తే కదా! చెయ్యి విరిగిందన్నారు, కట్టు కట్టారు. బాగానే ఉంది. మరి పూటపూటకీ ఈ రక్తాలు తోడ్డం దేనికి?"

ల్యాబక్క ఆగింది. వరండాలో ఆగడం ఆమెకు అలవాటు లేదు. "పేగులకి లోపల మెత్తటి పొర ఉంటుందండీ. లోపలి చెత్త రక్తంలోకి రాకుండా అదే అడ్డం. గట్టి దెబ్బ తగిలితే ఆ పొర చెడి, దాని తునకలు రక్తంలో కలుస్తాయి. ఎన్ని కలిశాయో చూస్తాం."

"టిక్కెట్టు లేకుండా ఎక్కినవాళ్లని లెక్కపెట్టడం అన్నమాట."

"అచ్చం అంతే," అంది ల్యాబక్క, నవ్వొచ్చి.

"ఎంతమంది ఉన్నారు?"

"నలభై."

"దించెయ్యండమ్మా. మా కోడలైతే ఒక్కణ్ణి ఉంచేది కాదు." ముసలామె సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ గొంతు తగ్గించింది. "మా ఇద్దరికీ క్షణం పడదు. నిన్న పొద్దున కూడా పోట్లాడుకుంటూనే డ్యూటీకి పోయింది. ఆ పోట్లాట ఇంకా సగంలోనే ఉంది."

లోపల సర్జన్ గారు కాగితం చూశాడు, కండక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. ఆమె పళ్ల బిగువున మూలిగింది.

"స్కాన్‌లో ఏమీ కనబడలేదు. ఇప్పుడే కోసి చూడ్డానికి నాకు ధైర్యం చాలటం లేదు. రేపు పదింటికి ఇంకోసారి తీయండి. అంకె బాగా తగ్గితే పొర అతుక్కుంటున్నట్టే, పైవార్డుకి పంపేద్దాం, ఈ బెడ్ ఖాళీ అవుతుంది. తగ్గకపోతే లోపల పేగు చస్తోందని అర్థం. కడుపు తెరుస్తాను."

ఈ మాటలు ఆయన ఇద్దరితో అన్నాడు. ల్యాబక్క బెడ్‌కి ఇటుపక్క, చార్టు రాస్తున్న సిస్టర్ అటుపక్క. ఇద్దరూ ఆయన వంకే చూసి తలాడించారు, ఒకరినొకరు చూసుకోలేదు. ఆ సిస్టర్ ల్యాబక్కకు సొంత తోడికోడలు. ఇంట్లో మధ్య తలుపుకు గొళ్లెం పడి ఎనిమిది నెలలయింది. ఇదివరకు ట్యూబు పంపే ముందు "అక్కా, పంపిస్తున్నా, ఫలానా మనిషిది" అని పైనుంచి ఫోన్ వచ్చేది. ఇప్పుడు ట్యూబు ఒక్కటే వస్తోంది.

*

మంగళవారం ట్యూబు పదింటికే వచ్చింది. తిప్పి, తెల్లకాగితం ముందు పట్టుకున్న ల్యాబక్క కళ్లు చిట్లించింది. పైనీరు ఎండుగడ్డి రంగులో లేదు, బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అడుగున ఎరుపు కూడా నిన్నటికంటే బాగా తక్కువ.

బల్ల చివర ఫోన్ ఉంది. మూడంకెలు నొక్కితే ఐ.సి.యు. పలుకుతుంది. ఎత్తేది మాత్రం తోడికోడలే.

'రక్తం చాలా పోయింది కదా. సీసాల మీద సీసాలు ఎక్కిస్తున్నారు, పలచబడకేమవుతుంది' అనుకుంది ల్యాబక్క. పోయినవారం వచ్చిన రెండు పలచటి ట్యూబులప్పుడు కూడా ఇదేమాట చెప్పుకుంది. పిప్పెట్ అందుకుంది.

ఒకటిన్నరకి ఆమ్లం చుక్కలు వేసింది. ఆరో బెడ్ గుంటలో పసుపు వచ్చీ రానట్టుంది. యంత్రం పదిహేను అంది.

నలభై నుంచి పదిహేనుకి. ముసలామెకి చెబితే సంచీ పక్కన పడేసి దణ్ణం పెట్టేది. ల్యాబక్క రిపోర్టు కాగితం ముందుకు లాక్కుని పదిహేను అని రాయబోయి, ఒకటి వేసి, పెన్ను ఎత్తింది.

ఫోన్ మోగింది. సర్జన్ గారు.

"ఎంతొచ్చింది?"

"ఒక్క పావుగంట సార్."

"పావుగంటేమిటమ్మా! కింద ఎమర్జెన్సీలో ఇద్దరు నేల మీద ఉన్నారు. తగ్గిందా లేదా?"

"ఇంకోసారి చూసుకుని చెప్తాను సార్."

ఫోన్ పెట్టేసి, ట్యూబులో మిగిలిన పైనీటిని రోజువారీ పరీక్షల యంత్రంలో పెట్టింది. ఫ్రిజ్‌లోంచి నిన్నటి ట్యూబు కూడా తీసి పక్కనే పెట్టింది. అది పనిచేసే ఆరు నిమిషాలూ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది. కాగితం సర్రున బయటికొచ్చింది. ప్రొటీన్ నిన్న అయిదు చిల్లర, ఇవాళ రెండు చిల్లర. షుగర్ నిన్న నూట ముప్ఫై, ఇవాళ ఆరువందల నలభై.

షుగర్ జబ్బు లేని మనిషికి ఆరువందల నలభై. అది రక్తంలో ఉన్న చక్కెర కాదు, సీసాలోంచి చేతిలోకి దిగుతున్న గ్లూకోజు. డ్రిప్ ఎక్కుతున్న చేతిలోంచే తీశారు. సగానికి పైగా నీళ్లే.

ల్యాబక్క ఫోన్ ఎత్తి మూడంకెలు నొక్కింది.

"ఐ.సి.యు." అంది అవతలి గొంతు.

"ఆరో బెడ్ రక్తం ఏ చేతిలోంచి తీశావు?"



"కుడిచేతికి భుజం దాకా కట్టుంది. ఇక ఉన్నది ఒక్క చెయ్యేగా."

"డ్రిప్ ఉన్న చెయ్యి."

"ఆపే తీశాను."

"ఎంతసేపు ఆపావు?"

"ఏంటిది, ఎంక్వైరీయా?" లైను తెగిపోయింది.

ల్యాబక్క ఆ కాగితం మీదే ఒక లెక్క వేసి, మడిచి జేబులో పెట్టుకుంది. ట్రేలో సూది, రబ్బరు పట్టీ, దూది, రెండు కొత్త ట్యూబులు పెట్టుకుని మెట్లెక్కింది.

ఐ.సి.యు. గుమ్మంలో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. వార్డుబోయ్ దాన్ని ఆనుకుని, కాలితో చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తూ నిలబడ్డాడు. ఆరో బెడ్ పక్కన తోడికోడలు కండక్టరమ్మ పాత ఫైలూ మందులూ ఒక కవర్లో సర్దుతోంది. ల్యాబక్క చేతిలో ట్రే చూసి కవరు ముడి వెయ్యడం ఆపేసింది.

"కాలు పట్టుకో. పాదం మీద దొరుకుతుందేమో చూద్దాం," అంది ల్యాబక్క.

తోడికోడలు దుప్పటి తొలగించి మడమ కింద అరచెయ్యి పెట్టింది. పాదం వాచి నున్నగా ఉంది. నరం కంటికి కనబడదు, వేలికే తగలాలి. ల్యాబక్క పట్టీ కట్టి, చూపుడువేలితో నొక్కుకుంటూ వెతుకుతోంది.

"మొన్నట్నుంచి పధ్నాలుగుసార్లు గుచ్చారావిణ్ణి," అంది తోడికోడలు, పాదం వంకే చూస్తూ. "ఒళ్లు జల్లెడైపోయింది. సూది కనబడితే చాలు కళ్లు మూసుకుంటోంది. ఉన్న చేతిలోంచే తీస్తే పోలా అనిపించింది."

"అలాంటప్పుడు డ్రిప్ కట్టేసి రెండు నిమిషాలు ఆగాలి. మొదట వచ్చింది పారబొయ్యాలి."

"పన్నెండు బెడ్లకి ఒక్కదాన్ని. ఆ రెండు నిమిషాలు ఎక్కణ్నుంచి తేను?"

వేలి కింద ఏదో మెత్తగా కదిలింది. ల్యాబక్క సూది దించింది. రెండోసారికి ట్యూబులోకి ఎర్రగా, చిక్కగా దిగింది. కండక్టరమ్మ కళ్లు తెరవకుండానే "అయిందా?" అంది. "అయిందమ్మా," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

దూది అదిమిపెట్టి తోడికోడలు గొంతు తగ్గించింది. "సార్‌కి చెప్తావు కదూ. ఇప్పటికే నా మీద ఒక మెమో ఉంది. ఇంకోటి పడితే ఉద్యోగం ఉండదు. చెప్పు, నీ ఇష్టం. కాకపోతే పాత గొడవ మనసులో పెట్టుకుని కక్ష తీర్చుకున్నావంటారు ఇంట్లో."

"నేనేం చెప్పను. ల్యాబ్‌లో ట్యూబు పగిలింది, మళ్లీ తీశానంటాను."

తోడికోడలు తలెత్తి ఎనిమిది నెలల్లో మొదటిసారి సూటిగా చూసింది. థాంక్స్ చెప్పే చూపు కాదది. ఏదో లెక్క సరిపోనప్పటి చూపు.

సర్జన్ గారు తలుపు తోసుకుని వచ్చాడు. "అంకె ఏదమ్మా? ఇంకా ఎక్కించలేదేం స్ట్రెచర్?"

"ల్యాబ్‌లో ట్యూబు పగిలింది సార్. ఇప్పుడే మళ్లీ తీశాను. ఆరింటికల్లా ఇస్తాను."

"ఆరింటికా?" ఆయన వాచీ చూసుకున్నాడు. "అప్పటిదాకా బెడ్ ఆపితే కింద ఒకడు పోతాడు. పొద్దున స్కాన్ బాగానే ఉంది. బీపీ బాగానే ఉంది. పైకి పంపేయండి. అంకె వచ్చాక చూద్దాం."

వార్డుబోయ్ స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చాడు. చక్రం ఒకటి కీచుమంది. ల్యాబక్క చేతిలోని ట్రేలో ట్యూబులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. పగిలిందన్న మాట నోట్లోంచి వచ్చేసింది. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే పక్కనున్న మనిషిని పట్టివ్వాలి. ఆరింటిదాకా అంటే మూడున్నర గంటలు. పైవార్డులో కడుపు మీద చెయ్యి పెట్టి చూసే డాక్టరు రేపు పొద్దున గాని రాడు.

"సార్..." అంది.

"ట్యూబు పగల్లేదు సార్," అంది తోడికోడలు.

సర్జన్ గారు ఆగాడు.

"నేనే డ్రిప్ చేతిలోంచి తీశాను. గ్లూకోజు కలిసింది." తడబడకుండా, చార్టులోది చదివి వినిపిస్తున్నట్టు చెబుతోంది. చేతులు మాత్రం సగం వేసిన కవరు ముడిని బిగిస్తున్నాయి. "ఈవిడ ఒక్కతే కాదు. పోయినవారం నాలుగో బెడ్ పెయింటర్‌కీ, తొమ్మిదో బెడ్ వాచ్‌మన్‌కీ అలాగే తీశాను. వాళ్ల అంకెలు కూడా తప్పే. ట్యూబు పగిలిందనుకుంటే ఈవిడ సంగతి తీరిపోతుంది. వాళ్ల సంగతి ఎవరికీ తెలీదు."

వార్డుబోయ్ స్ట్రెచర్ని కదలకుండా పట్టుకున్నాడు. సర్జన్ గారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తొమ్మిదో బెడ్ ఆయన పైవార్డులో ఆదివారం పొద్దున పోయాడు సిస్టర్," అన్నాడు.

ఆమె కవరుని మెల్లగా బెడ్ మీద పెట్టేసింది.

ఆయన ల్యాబక్క వైపు తిరిగాడు. "మీరు ఇరవయ్యేళ్లుగా ట్యూబులు చూస్తున్నారు. నీళ్లు కలిసిన ట్యూబు కంటికి తెలియదా?"

"తెలుస్తుంది సార్."

"ఆ రెండూ చూశారా?"

"చూశాను."

"మరి?"

ల్యాబక్కకు ఆ మూడంకెలూ, బల్ల చివర ఫోనూ, దాని మీద పేరుకున్న సన్నటి దుమ్మూ కళ్ల ముందు మెదిలాయి.

"ఫోన్ చెయ్యలేదు సార్," అంది.

ఎందుకని ఆయన అడగలేదు. బహుశా ఆసుపత్రిలో అందరికీ తెలిసినట్టే ఆయనకీ తెలుసు.

ల్యాబక్క జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "ఇవాళ్టిది పదిహేను వచ్చింది సార్. ప్రొటీన్ చూసి నీళ్లు తీసేసి లెక్కవేస్తే ముప్ఫై ఏడు. నిన్నటికీ ఇవాళ్టికీ తగ్గిందేమీ లేదు. ఆరింటిదాకా ఆగక్కర్లేదు."

ఆయన కాగితం చూసి, కండక్టరమ్మ కడుపు మీద మళ్లీ చెయ్యి పెట్టాడు. ఈసారి ఎక్కువసేపు ఉంచాడు.

"స్ట్రెచర్ పైకి కాదు," అన్నాడు వార్డుబోయ్‌తో. "థియేటర్‌కి."

*

జానెడున్నర పేగు నల్లబడిపోయిందట. అది తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టారు. బుధవారం పొద్దున ల్యాబక్క వరండాలోంచి వెళుతుంటే ముసలామె బెంచీ మీంచే కేకేసింది.

"కళ్లు తెరిచింది అమ్మాయ్! నన్ను లోపలికి పంపారు. తెరిచీ తెరవగానే ఏమందో తెలుసా? 'ఇంట్లో గ్యాస్ కట్టేశావా' అంది. ప్రాణం పోయి వచ్చినా నా మీద నమ్మకం రాలేదు దానికి!" అంటూ కళ్లొత్తుకుంది.

ల్యాబక్క నవ్వలేకపోయింది. పొద్దున్నే సర్జన్ గారు ఇద్దరినీ పిలిపించాడు. నాలుగో బెడ్ పెయింటర్‌ని వెతికించి మళ్లీ రక్తం తీయించాడు. ఆ మనిషి బాగానే ఉన్నాడు, సూది చూసి బూతులు తిట్టేంత బాగా. సిస్టర్‌ని డ్యూటీలోంచి తీసేశారు. సాయంత్రంలోగా ఇద్దరూ జరిగింది రాసివ్వాలి. అప్పటిదాకా బయటి వాళ్లెవరితోనూ ఈ విషయం ఎత్తకూడదు, ఆఫీసువాళ్లే చూసుకుంటారు.

వేరే చోటు లేక తోడికోడలు ల్యాబ్‌లోనే కూర్చుంది. ఫ్రిజ్ పక్క చిన్నబల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తోంది, కొట్టేస్తోంది. ల్యాబక్క ప్లేటు కడుగుతోంది. గంటన్నరగా ఇద్దరి మధ్యా పనికి కావలసిన మాటలే నడిచాయి. "తేదీ ఎంత?" "పదిహేడు." "పెన్ను రాయటం లేదు." "అదిగో, అక్కడ ఇంకోటుంది."

పదకొండు దాటాక గుమ్మంలో ఒకామె వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. చెప్పులు బయట విప్పాలా వద్దా అని కిందికి చూసుకుంటోంది.

"రిపోర్టులు ఇచ్చేది ఇక్కడేనా అమ్మా? ఫైలంతా ఇచ్చారు గాని ఒక్క కాగితం లేదందులో. తొమ్మిదో బెడ్. గేటు విరిగి మీద పడ్డ వాచ్‌మన్... మా ఆయన."

ఫ్రిజ్ పక్కన పెన్ను చప్పుడు ఆగింది.

ల్యాబక్క గ్లవ్స్ తీసి, అరలోంచి ఫైలు దించి వెతికింది. దొరికింది. తన దస్తూరీయే. ఒక వరసలో ముప్ఫై రెండు, దాని కింద పన్నెండు.

"ఇదేనా, తగ్గిందని చెప్పిన కాగితం?"

"ఇదే."

"హమ్మయ్య." ఆమె చెయ్యి చాచింది. "ఇది చాలు నాకు. శనివారం దాకా నాలుగు రోజులు ఆ బెంచీ మీద నడుం వాల్చలేదమ్మా నేను. రక్తంలో అంకె తగ్గింది, గండం గడిచిందన్నారు. ఆయన కూడా వెళ్లి పడుకోవే అన్నాడు. ఒక్క పూట ఇంటికెళ్లాను. పొద్దున వచ్చేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు. పక్కన ఒక్కరు లేరు. అప్పట్నుంచి మా వాళ్లంతా ఒకటే మాట. మొగుడు చస్తుంటే నిద్ర ముఖ్యమైంది దీనికి, అని. మా బావగారైతే నా మొహం చూడ్డం లేదు. ఈ కాగితం ఆయన ముందు పెడతాను. వట్టినే వెళ్లలేదు నేను, తగ్గిందని రాసిస్తేనే వెళ్లాను."

ల్యాబక్క చేతిలోంచి కాగితం సగం ఆమె చేతిలోకి వెళ్లింది. వదిలేస్తే సరిపోతుంది. ఆమెకి కావలసింది అందులో ఉంది, ఆఫీసువాళ్లు మాట్లాడొద్దన్నారు, కాగితం మీద సంతకం కూడా ఉంది. ల్యాబక్క వేళ్లు వదల్లేదు.

"ఈ కాగితం తప్పమ్మా," అంది.

ఆమె కాగితం అటు కొస పట్టుకునే ఉంది. "తప్పంటే? తగ్గలేదా?"

"తగ్గలేదు. రక్తంలో డ్రిప్ నీళ్లు కలిసి తగ్గినట్టు కనబడింది. నాకు ట్యూబు చూసినప్పుడే అనుమానం రావాలి. వచ్చింది కూడా. పట్టించుకోలేదు."

"రక్తం తీసింది నేను," అంది తోడికోడలు. ఎప్పుడు లేచిందో, బల్ల పక్కన నిలబడి ఉంది. "తప్పు చేతిలోంచి తీశాను."

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనీ, ఏడుస్తుందనీ, జనాన్ని పిలుస్తుందనీ ల్యాబక్క ఎదురుచూస్తోంది. ఆమె వాటిలో ఏదీ చెయ్యలేదు. కాగితం వదిలేసి, చెంగుతో అరచేతులు తుడుచుకుంది.

"తెలిసుంటే బతికేవాడా?"

"అది చెప్పలేనమ్మా. ఆపరేషన్ చేసేవాళ్లు. బతికేవాడో లేదో ఎవరం చెప్పలేం."

"సరే." చెంగు భుజం మీదికి లాక్కుని మళ్లీ అడిగింది. "తెలిసుంటే, నేను ఇంటికెళ్లేదాన్నా?"

"వెళ్లేవారు కాదు," అంది ల్యాబక్క.

ఆమె రెండుమూడుసార్లు తలాడించింది. తనలో తను ఒప్పుకున్నట్టుగా కాదు, అవతల ఎవరికో జవాబిస్తున్నట్టుగా.

"ఈ మాట నేను చెబితే నమ్మరు," అంది. "కింద గేటు దగ్గర మా బావగారున్నారు. మీరొచ్చి చెప్పండి. ఇద్దరూ రండి."

ప్లేటు పక్కన పెట్టిన టైమరులో ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. తోడికోడలు సగం రాసిన కాగితం మీద పెన్ను పడేసి ముందు గుమ్మం దాటింది. ల్యాబక్క తలుపు దగ్గరగా వేసి వెనకే నడిచింది.

గేటు పక్కన, స్కూటర్ల వరసకి ఇవతల, తల నెరిసిన మనిషి ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. మరదలు వస్తుంటే చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు. వెనక తెల్లకోటుతో ఒకరూ, నర్సు బట్టల్లో ఒకరూ కనబడేసరికి మళ్లీ ఇటు తిరిగాడు.

"ఎవరు వీళ్లు?" అన్నాడు.

ఆమె పక్కకి జరిగి, ఆయన ముందు వాళ్లిద్దరికీ చోటిచ్చింది.